ఎడారి ఊళ్ళో ఎక్కడ దిగుతున్నారు?

మా అల్లుడు ఆదిశేషు మంచివాడు కాదనేవాళ్ళు న్యూజెర్సీలో మేముండే ప్లెయిన్స్‌బరోలో ఒక్కరూ దొరకరు. నేనూ ఆ మాట అనను. కాని మంచితనం వేరు, అడిగినవాడికల్లా తల ఊపటం వేరు. ఈ రెంటికీ తేడా అతనికి తెలియదు. ఇల్లు ఊడ్చే మిషను అమ్మేవాడు గుమ్మంలోకి వస్తే ఒకటి కొన్నాడు. మరో కంపెనీవాడు వస్తే, పాపం మంచులో నడిచి వచ్చాడని ఇంకోటి కొన్నాడు. ఉన్నవి రెండు గదులూ ఒక హాలూనూ. అల్మారా అంతా ఊడ్చే మిషన్లే. ఉద్యోగం చేసుకుంటూనే సబ్బులు అమ్మే స్నేహితుడొకడు ఉన్నాడు. ఆ సబ్బుపొడి డబ్బాలు నా మంచం కింద. నేను ఇంకో జన్మెత్తి వచ్చి ఉతికినా అవి అయిపోవు.

అతనిది మందుల కంపెనీలో పని. మాత్రని నీళ్ళలో వేసి ఎంతసేపటికి కరుగుతుందో చూడాలట. "దీనికి అంత చదువెందుకు నాయనా?" అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. తర్వాత నాకే తోచింది, కరగటం సంగతి అతనికన్నా తెలిసినవాడు ఎవడున్నాడని.

అలా అయ్యాడంటే ఊరికే కాలేదు. రేపల్లె దగ్గర చిన్న ఊరు వాళ్ళది. తండ్రి చిన్నప్పుడే పోతే తెనాలిలో వారాలు చేసుకుని చదువుకున్నాడు. వారాలంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో, అలా వారమంతా ఎవరో ఒకరి గుమ్మం. గుమ్మంలో నిలబడి లోపలికి పిలిచేదాకా ఆగాలి. పెట్టింది తినాలి. వాళ్ళ పిల్లాడికి లెక్కలు చెప్పమంటే చెప్పాలి, నూతిలో నీళ్ళు తోడమంటే తోడాలి. 'వద్దు' అన్నాడా, మళ్ళీ వారం ఆ రోజుకి పస్తు. అట్లా పెరిగిన నోటికి 'వద్దు' అనే మాట ఇప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక ఈ దేశంలో మనవాళ్ళ ప్రయాణాలు ఉన్నాయి. ఏ ఊరు వెళ్ళాలన్నా ముందు ఆ ఊళ్ళో తెలుగిల్లు వెతకాలి. తెలిసినవాళ్ళు లేకపోతే టెలిఫోను పుస్తకంలో మన ఇంటిపేర్లు చూసి ఫోన్ చేయటమే. "ఏవండీ, మాది రేపల్లె" అంటే చాలు, "వచ్చేయండి" అంటారు. తెలుగువాళ్ళున్న ఊళ్ళో హోటల్లో దిగితే వాళ్ళ మొహాన తలుపేసినట్టే లెక్క. నయాగరా వెళ్ళినప్పుడు జలపాతాన్ని చూసింది కాసేపే, ఎవరిదో బేస్‌మెంట్‌లో పేకాట చూసింది రెండు పూటలు. నాకు అదే బాగుండేది. వేళకి అన్నం దొరికేది, మాట్లాడటానికి నాలాంటి ముసలమ్మ ఒకతె ఉండేది.

బాగులేనిది మా మనవరాలు రేణుకి. ఏ ఇంటికి వెళ్ళినా దుప్పట్లు పరిచి పిల్లలందరినీ చేపల్లా వరసన పడుకోబెట్టటం, "రేణూ, ఒక డాన్స్ చెయ్యమ్మా" అని సోఫాల్లోంచి అంకుల్స్ అడగటం. మొన్న నవంబరులో, టర్కీకోడి పండగ సెలవులకి హెర్న్‌డన్ అనే ఊళ్ళో అల్లుడి స్నేహితుడు శ్రీధర్ ఇంటికి వెళ్ళాం. అక్కడుండగా పిల్ల పెద్దమనిషయింది. ఉన్నది ఒక్క బాత్రూమ్, బయట తలుపు కొట్టేవాళ్ళు నలుగురు. గడియలో ఇల్లంతా తెలిసిపోయింది. శ్రీధర్ భార్య ఉష కలుపుగోలు మనిషి, ఊరుకుంటుందా? హాల్లో పీట వేసి కూర్చోబెట్టి, పసుపూ కుంకుమా ఇచ్చి, నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి చేసి పంచింది. మంగళహారతి నేనే ఎత్తుకున్నాను. ఆ గుంపులో అది మొత్తం వచ్చినదాన్ని నేనే మరి. మగపిల్లలు మెట్ల మీద కూర్చుని చూశారు.

తిరుగుప్రయాణంలో కారు వెనక సీట్లో రేణు ఒకటే ఏడుపు. మా అమ్మాయి ప్రమోద "ఏమైందే, అందరూ అంత ప్రేమగా చేస్తే" అంది.

"నన్ను ఎవరూ అడగలేదు అమ్మా" అంది అది. "నో వన్ ఆస్క్‌డ్ మీ."

ఆదిశేషు చాలాదూరం డ్రైవ్ చేశాడు. పెట్రోలు పోయించుకునేచోట కారాపి, వెనక్కి తిరిగి, "ఈసారి సెలవులకి ఎవరింటికీ వద్దమ్మా. హోటల్‌కి పోదాం. నీకో తలుపు, దానికో తాళం. తాళం నీ చేతికే ఇస్తాను" అన్నాడు.

ఏడుపు ఆగింది. అల్లుడి నోట ఒక ఖచ్చితమైన మాట వినటం నాకు అదే మొదలు.

కొత్త సంవత్సరం వచ్చింది, ఎనభై అయిదు. బళ్ళకి ఏప్రిల్లో వారం రోజులు సెలవులిస్తారు, స్ప్రింగ్ బ్రేక్ అని. ఆఫీస్‌లో పక్క బల్ల తెల్లాయన ఒక రంగుల కాగితం ఇచ్చాడట, ఫీనిక్స్ అనే ఊళ్ళో హోటల్‌ది. అల్లుడు ఫోన్ చేసి పక్కపక్కన రెండు గదులు బుక్ చేశాడు. రేణు ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. నీలంగా నీళ్ళు, వెనక ఎర్రమట్టి కొండ, చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లా ముళ్ళచెట్లు.

"ఏం ఊరే ఇది?" అన్నాను.

"ఎడారి, అమ్మమ్మా. డెజర్ట్."

"ఎడారికి సెలవులకి వెళ్తారటే ఎవరైనా? ఎడారిలోంచి పారిపోవాలి గాని?"

"స్విమ్మింగ్ పూల్ ఉంది."

"ఎడారిలో ఈతా?" అన్నాను. నాకేమీ బోధపడలేదు. నీళ్ళు లేకపోబట్టే కదా దాన్ని ఎడారి అన్నారు? మా అమ్మాయినడిగితే, "అక్కడ ఎండ బాగా కాస్తుందమ్మా, దానికోసమే వెళ్తారు" అంది. ఎండ అనగానే నా బుర్ర వెలిగింది. ఈ న్యూజెర్సీలో అడుగుపెట్టింది మొదలు చల్లమిరపకాయలు పెట్టి ఎరగను. మజ్జిగలో ఊరేసి, పగలంతా ఎండలో పెట్టి, రాత్రి మళ్ళీ ఆ మజ్జిగలోనే వేయాలి, మజ్జిగ ఇగిరిపోయేదాకా. ఇక్కడ బాల్కనీలో పెడితే ఎండటం మాట దేవుడెరుగు, బూజు పట్టి ఊరుకున్నాయి. సరే, ఎడారి మంచి ఊరే అనుకున్నాను.

కాని హోటల్లో మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టను? దానికి పెరడున్న ఇల్లు కావాలి. చెప్పొద్దూ, ఆ వేళకి నా ఓటు ఇంటికే.

అలా ఉండగా ఒక శనివారం పొద్దున అల్లుడు ఫోన్ తీశాడు. ఎవరికయ్యా అంటే ఫీనిక్స్‌లో కృష్ణమోహన్ అనే ఇంజనీరుకి. ఎప్పుడో తెలుగువాళ్ళ సభల్లో భోజనాల వరసలో ముందూవెనకా నిలబడ్డ పరిచయం.

"ఆయనతో పనేమిటండీ?" అంది ప్రమోద.

"ఏప్రిల్లో అక్కడ స్వెట్టర్లు కావాలేమో కనుక్కుందామని."

"టీవీలో రోజూ చెప్తాడు కదా."

"టీవీవాడికి మన చలి ఏం తెలుసు?" అన్నాడు.

ఇదిగో, ఇక్కడ మునిగింది పడవ. ఇటువైపు మాటలు మాత్రం మాకు వినిపించాయి. "నమస్కారమండీ... ఆఁ, మేమే వస్తున్నాం... నలుగురం... ఎక్కడ దిగుతున్నామంటే... ఇంకా ఏమీ అనుకోలేదండీ... అబ్బే, మీకెందుకండీ శ్రమ... అయ్యో, అట్లా అనకండి... సరే... సరేనండీ... అలాగే."

ఫోన్ పెట్టి గోడవైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏమన్నారు?" అంది ప్రమోద.

"పల్చటి స్వెట్టర్ ఒకటి ఉంటే చాలట."

"ఇంకా?"

"వాళ్ళింట్లోనే దిగాలట."

"మీరేమన్నారు?"

అడగటం దేనికి, మేం వినలేదూ?

ఆ సాయంత్రమే కృష్ణమోహన్ భార్య జయంతి నుంచి ఫోన్. నాతోనూ మాట్లాడింది. "పిన్నిగారూ, మీరు ఉల్లి తింటారా? గదిలో మీకు మంచం వేయిస్తాను. లాస్ ఏంజిలిస్ నుంచి మా బావగారి కుటుంబం కూడా అప్పుడే వస్తోంది. వాళ్ళకి ఇద్దరు మగపిల్లలు. పిల్లలందరికీ ఫ్యామిలీ రూమ్‌లో వరసగా పక్కలు వేసేస్తాను. రేణు డాన్స్ చేస్తుందటగా, శనివారం ఊళ్ళో అందర్నీ పిలుస్తున్నాం" అంది. వెనక కుక్కర్ కూతలు. మాటలన్నీ హుషారుగానే ఉన్నాయి గాని, మధ్యమధ్య గట్టిగా ఊపిరి వదులుతోంది. ఎడారి కదా, గాలి ఆడదు కాబోలు అనుకున్నాను.

"పెరడుందా అమ్మా?" అని అడిగాను.

"ఉంది పిన్నిగారూ, ఎండా ఉంది. రండి, రండి" అంది.

అప్పటినుంచి మా ఇంట్లో ఏ పూట ఏ మాటో తెలియకుండా పోయింది. హోటల్ గదులు వద్దని అల్లుడు చెప్పలేదు. ఇంటికి రామని కృష్ణమోహన్‌కీ చెప్పలేదు. పొద్దున రేణు అడిగితే హోటల్, సాయంత్రం ఫోన్ మోగితే ఇల్లు. ప్రమోద రెండు రకాలుగా పెట్టెలు సర్దింది. ఒక పెట్టెలో జయంతికి చీర, గోంగూర పచ్చడి సీసా, పట్టుపరికిణీ. ఇంకో పెట్టెలో రేణు ఈత బట్టలు, రైస్ కుక్కర్, బియ్యం. ఆ ఈత బట్టలు నా అరచేతిలో పట్టాయి. దాని సంగతి ఇప్పుడెందుకులెండి.

"ఏదో ఒకటి తేల్చండి" అని ప్రమోద మొత్తుకుంటే, "చూద్దాంలే" అనేవాడు. ఆదివారం హోటల్ రద్దు చేయటానికి ఫోన్ తీసి, అవతల అమ్మాయి "రూమ్‌లో ఇంకో మంచం కూడా కావాలా?" అని మర్యాదగా అడిగితే, సరే అని పెట్టేశాడు. రద్దు చేయబోయి మంచం తెచ్చిపెట్టాడు. నాకు నవ్వొచ్చింది, తలనొప్పీ వచ్చింది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఒక మనిషి ఒకే రాత్రి రెండుచోట్ల పడుకోలేడని నాకు తెలుసు. డాక్టరేటు చదివినవాడికి తెలియలేదు.

ప్రయాణం ఇంకా కొద్ది రోజులుందనగా నేను మిరపకాయలు చీరి, ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో ఊరేస్తున్నాను. రేణు వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మమ్మా, మనం హోటల్ వెళ్తున్నాం కదా?"

"మీ నాన్ననడుగు."

"అడిగాను. చూద్దాం అన్నాడు. తెలుగులో చూద్దాం అంటే నో."

"ఎవరికి నో? ఆ కృష్ణమోహన్‌కే చెప్తాడేమో."

"కాదు, నాకు" అంది. ఏడవలేదు. గిన్నెలో మిరపకాయని వేలితో ముంచుతూ, మామూలుగా చెప్పింది. "నాన్న ఎవరికీ నో చెప్పడు. నాకొక్కదానికే చెప్తాడు."

నాకు ఒక్కసారిగా హెర్న్‌డన్‌లో మెట్ల మీద కూర్చున్న ఆ మగపిల్లలు కళ్ళముందు మెదిలారు. ఇప్పుడు లాస్ ఏంజిలిస్ నుంచి ఇంకో ఇద్దరు. పిల్లకి ఏ రోజు ఎలా ఉంటుందో! పక్కలేమో వరసగా వేస్తారట. నా మిరపకాయలకి ఇల్లు కావాలి, పిల్లకి తలుపు కావాలి. ఇదేం గోలరా భగవంతుడా అనిపించింది.

మా రోజుల్లో అత్త అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడేది కాదు. ఈ రెండు గదుల కొంపలో ఎదురుపడకుండా తిరగటానికి నేనేమన్నా దెయ్యాన్నా? ఆ రోజు వడ్డిస్తూ అడిగేశాను.

"ఎక్కడ దిగుతున్నాం నాయనా?"

"ఫీనిక్స్‌లో అత్తయ్యగారూ."

"ఊరు నాకూ తెలుసు. గుమ్మం అడుగుతున్నాను."

అతను ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "పిలిచి పెడతానన్నవాళ్ళని కాదనటం ఎలా అండీ?"

"తెనాలిలో కాదనకూడదు. అప్పుడు పస్తుంటావు" అన్నాను. "ఇప్పుడు కాదంటే ఎవరు పస్తుంటారు? నువ్వు ఎవరికీ కాదు అనవట, దానికొక్కదానికే అంటావట. పిల్ల చెప్పింది."

కలుపుతున్న చేయి ఆగిపోయింది. మజ్జిగ పోసుకోకుండానే లేచాడు. అర్థమైందో, కోపమొచ్చిందో, ఆకలి లేదో ఎవరు చెప్పగలరు?

విమానం ఎక్కేదాకా అదే వరస. నేను మిరపకాయల డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను, పెట్టెలో వేస్తే ఒలికిపోతుందని. మజ్జిగ వాసనకి పక్క సీటాయన ముక్కు పట్టుకుని చాలా సేపు కిటికీలోంచి మబ్బుల్నే చూశాడు. అటుపక్క రేణు, హోటల్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకుంది.

దిగి బయటికి వచ్చేసరికి ఎదురుగా కృష్ణమోహన్. పొట్టిగా, గట్టిగా, గొంతు ఇంకా గట్టిగా ఉన్న మనిషి. పక్కన జయంతి, సన్నగా, కళ్ళ కింద నల్లచారలతో. ఆయన రావటం రావటమే రెండు పెట్టెలూ అందుకున్నాడు. "పదండి, పదండి! పెద్ద బండి తెచ్చాను. మావాళ్ళు అప్పుడే దిగిపోయారు. పూరీలకి పిండి కలిపి పెట్టింది మా ఆవిడ."

రేణు కదల్లేదు. పుస్తకం గుండెకి అదుముకుని, తండ్రిని కాకుండా నేలని చూస్తోంది. ఇక అయిపోయింది అనుకున్నాను నేను. ఇప్పుడు సరేనండీ అంటాడు, మనం బండెక్కుతాం, శనివారం డాన్స్.

ఆదిశేషు గొంతు సవరించుకున్నాడు. మెడ మీద చెమట నాకు కనిపిస్తోంది.

"కృష్ణమోహన్‌గారూ, రేపు మీరందరూ మా ఇంటికి భోజనానికి రావాలి" అన్నాడు.

ఆయన పెట్టెలు కింద పెట్టాడు. "మీ ఇంటికా? న్యూజెర్సీకా?"

"ఇక్కడే. హోటల్లో. రెండు గదులు తీసుకున్నాను."

"హోటలా!" ఆయన మొహం ఎర్రబడింది. "ఏమిటండీ ఇది? మేము ఈ ఊళ్ళో ఉండగా? అంటే మా ఇంటికి రారా?"

ప్రమోద చీర కొంగు నలుపుతోంది. అల్లుడి పెదాలు రెండుసార్లు కదిలాయి. ఆ గొంతులోంచి ఏ మాట బయటికొస్తుందో అతనికైనా తెలుసో లేదో.

"రాలేమండీ" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "ఈసారికి రాము. మా అమ్మాయికి మాటిచ్చాను."

కృష్ణమోహన్ నోరు తెరిచాడు. ఆయన ఏదో అనేలోపలే జయంతి, "సరే అన్నయ్యగారూ, రేపు మేమే వస్తాం!" అనేసింది. అంత వేగంగా ఎందుకందో ఎవరికీ అర్థం కాలేదు, ముఖ్యంగా ఆమె మొగుడికి. "అదేమిటే, పూరీ పిండి?" అన్నాడు పాపం. "మనవాళ్ళు తింటారులెండి" అందామె. ముఖంలో ఏదో తేటదనం. పిలిచినమ్మ తానే, రాకపోతే సంతోషించేదీ తానే. నేను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాను.

మర్నాడు పొద్దున్నే ప్రమోద, నేనూ బాత్రూమ్‌లో రైస్ కుక్కర్ పెట్టి పులిహోర కలిపాం. పెరుగన్నం, పచ్చడి. అల్లుడు గది గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ "రండి, రండి" అని లోపలికి పిలిచాడు. గుమ్మానికి ఇవతల నిలబడి పిలవటం అతనికి కొత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలుపు పట్టుకునే ఉన్నాడు. కృష్ణమోహన్ ఇంకా కొంచెం బిగుసుకునే కూర్చున్నాడు గాని, పులిహోర రెండోసారి వేయించుకున్నాడు.

జయంతి హోటల్ ఈతకొలను ఒడ్డున చీర చీలమండల దాకా ఎత్తి, నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చుంది. నేను పక్కన కుర్చీలో ఉన్నాను. "పిన్నిగారూ, గ్రాండ్ కేనియన్ చూడటానికి వచ్చిన ప్రతి తెలుగువాళ్ళకీ మా ఇల్లే సత్రం" అంది మెల్లిగా. "ఒకరు పెట్టింది నేను కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో. ఆయనతో అనకండేం."

"మరి ఫోన్లో రండి, రండి అన్నావు కదమ్మా?"

"అనకపోతే ఎలా?" అంది.

ఆవిడా అనకుండా ఉండలేదు, అల్లుడూ ఉండలేడు. ఎవరికీ అక్కర్లేని పూరీలకి అటు పిండి కలిపారు, ఇటు మేం రెండు పెట్టెలు సర్దుకున్నాం. ఇందులో ఎవరు ఎవరికి అతిథులో తేల్చటం నా వల్ల కాలేదు. ఎడారిలో ఈత కొట్టటమొక్కటే వింత అనుకున్నాను, ఇది అంతకన్నా వింత.

వెళ్తూ వెళ్తూ జయంతి నా డబ్బా చూసింది. "మిరపకాయలా? హోటల్‌వాళ్ళు ఎండబెట్టనివ్వరు. ఇవ్వండి, మా పెరట్లో పెడతాను. రోజూ రాత్రి మజ్జిగలో వేయటం నాకు తెలుసులెండి" అని పట్టుకుపోయింది. కృష్ణమోహన్ డబ్బాని రెండు చేతులా పట్టుకుని, "ఇవన్నా మా ఇంట్లో దిగుతున్నాయి, సంతోషం" అన్నాడు. అది నవ్వో ఎత్తిపొడుపో నాకు తెలియదు. వారమంతా అవి వాళ్ళింట్లోనే ఉన్నాయి. ఎండి తిరిగొచ్చేసరికి గాజుముక్కల్లా ఉన్నాయి. న్యూజెర్సీలో అలాంటివి ఎవరూ తిని ఉండరు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక మేము ముగ్గురం అలా నడిచి వచ్చేసరికి మా గది తలుపు మూసి ఉంది. గది నాదీ రేణుదీ. తాళం చెవి మాత్రం దాని దగ్గరే, నెంబరున్న ప్లాస్టిక్ బిళ్ళతో. లోపల తలుపు చిలుకు వేస్తోంది, తీస్తోంది, మళ్ళీ వేస్తోంది.

ఆదిశేషు వేలితో మెల్లిగా కొట్టాడు.

"హూ ఈజ్ ఇట్?"

"నేనమ్మా. అమ్మమ్మ లోపలికి రావాలట."

"వెయిట్ చెయ్యి నాన్నా!"

"సరే" అన్నాడు.

తెనాలి వీధుల్లో ఎన్ని గుమ్మాల ముందు అలా నిలబడ్డాడో మా అల్లుడు. నాకు కాళ్ళు లాగుతున్నాయి, మళ్ళీ కొట్టవయ్యా అన్నాను. కొట్టలేదు. నవ్వుకుంటూ నిలబడ్డాడు.